మోరంగడ్డ: ఒక్కపొద్దు వెనక ఉన్న చరిత్ర

శివరాత్రి ఇంకో వారం ఉందనగానే మా ఖానాపూర్ అంగడిలో గోనె సంచులు దిగుతాయి. మట్టి కూడా వదలని ఎర్రటి గడ్డలను కుప్పలు పోసి అమ్ముతారు. కొనేవాళ్లలో ఒకామె మోరంగడ్డ కిలో ఎంత అని అడుగుతుంది, పక్కనే ఉన్నామె కందగడ్డ అంటుంది. నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన కోడళ్లు రత్నపురి గడ్డ అంటారు. మరాఠీ మాట్లాడేవాళ్లు రతాళే అంటారు. ఇదే గడ్డ రాయలసీమలో గెనుసుగడ్డ, కోస్తాలో చిలగడదుంప. పట్నంలో బండి మీద నిప్పుల్లో కాల్చి అమ్మేవాళ్లు శకర్‌కంద్ అంటారు. అమ్మే అతను మాత్రం ఎవరే పేరు పెట్టి అడిగినా అదే కుప్పలోంచి తూకం వేస్తాడు.

ఈ పేర్ల గొడవ చిన్నదేమీ కాదు. కోస్తా నుంచి వచ్చినవాళ్లతో "శివరాత్రి ఒక్కపొద్దుకు కందగడ్డ ఉడకబెట్టుకుంటాం" అంటే, వాళ్లు గొంతు దురద పెట్టే కందను తలచుకొని, ఉపవాసం నాడు అదేం తిండి అని ఆశ్చర్యపోతారు. కంద అంటే సంస్కృతంలో దుంప అనే అర్థం. అంటే మనం కందగడ్డ అన్నప్పుడల్లా దుంపగడ్డ అంటున్నామన్నమాట. నిజానికి అది పేరే కాదు, పేరు తెలియనప్పుడు పిలిచే పిలుపు.

జొన్నను తెలుగువాళ్లు ఎక్కడున్నా జొన్న అనే అంటారు. నువ్వులు ఎక్కడైనా నువ్వులే. తరతరాల నుంచి మనతో ఉన్న పంటలు అవి. ఒక్కో ఊరికి ఒక్కో పేరున్న పంట కనిపిస్తే, అది మధ్యలో ఎప్పుడో వచ్చి, వచ్చిన చోటల్లా ఎవరికి తోచిన పేరు వాళ్లతో పెట్టించుకొని ఉంటుందని నాకనిపిస్తుంది. మోరంగడ్డ విషయంలో అదే జరిగింది.

దీని పుట్టినిల్లు మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ప్రాంతాలు. అక్కడి జనం వేల ఏళ్ల నుంచి పండించుకుంటున్నారు. పసిఫిక్ దీవుల్లోకి అది కొలంబస్ కంటే ముందే చేరింది. 1492లో కొలంబస్ కరీబియన్ దీవుల్లో దిగినప్పుడు అక్కడి తైనో జనం దాన్ని బటాటా అని పిలిచేవారు. యూరప్ వాళ్లు గడ్డతో పాటు పేరును కూడా పట్టుకుపోయారు. 1498లో వాస్కో డ గామా మన పడమటి తీరానికి వచ్చాడు. 1510లో పోర్చుగీసులు గోవా తీసుకున్నారు. ఆ తర్వాత వాళ్ల ఓడల్లో అమెరికా పంటలు ఒక్కొక్కటే మన దేశంలో దిగాయి. మక్కజొన్న, మిరపకాయ, పల్లికాయ, జామ, బొప్పాయి, సీతాఫలం, పొగాకు, వాటితో పాటు మన మోరంగడ్డ.

పేరు విషయంలో దీనికి ఇంకో అన్యాయం కూడా జరిగింది. బటాటా అనేది మొదట ఈ తియ్యగడ్డ పేరే. తర్వాత దక్షిణ అమెరికా కొండల నుంచి ఆలుగడ్డ వచ్చి ఆ పేరును లాక్కుంది. ఇంగ్లీషువాళ్ల పొటాటో కూడా అందులోంచి పుట్టిందే. ఇప్పుడు మరాఠీవాళ్లు బటాటా అంటే ఆలుగడ్డే. వెనక వచ్చిన ఆలుగడ్డ అసలు పేరుతో బతుకుతుంటే, ముందు పుట్టిన పెద్దమ్మ మాత్రం ఊరికో పేరుతో తిరుగుతోంది. పైగా ఈ రెండింటికీ దగ్గరి చుట్టరికం కూడా లేదు. ఆలుగడ్డది వంకాయ, టమాట, మిరప కుటుంబం. మోరంగడ్డది చెరువు గట్ల మీద మొలిచే తూటికూర కుటుంబం. రెండింటి పువ్వులూ పక్కపక్కన పెట్టి చూడండి, అక్కాచెల్లెళ్లలా ఉంటాయి.

బి.ఏ.లో తెలుగు చదివినదాన్ని కాబట్టి తిండి సంగతి వస్తే నాకు ఆముక్తమాల్యద గుర్తుకొస్తుంది. కృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 దాకా ఏలాడు. అందులో విష్ణుచిత్తుడి ఇంటికి వచ్చిన అతిథులకు ఏ కాలంలో ఏం వడ్డించారో వివరంగా ఉంటుంది. చలికాలం భోజనంలో వేడి అన్నం ఉంది, మిరియాల పొడి ఉంది, ఆవపెట్టిన పచ్చళ్లు ఉన్నాయి. మిరపకాయ లేదు. అప్పటి కారం అంటే మిరియం, అల్లం, ఆవ, పిప్పలి. మిరపకాయ వచ్చాక మిరియం పనిని చేతిలోకి తీసుకుంది, పేరు కూడా మిరియం నుంచే వచ్చిందంటారు. ఈ రోజు తెలంగాణ వంట అనగానే ఎర్ర కారం గుర్తుకొస్తుంది కానీ, ఆ కారం మనింట్లో ఉంటున్నది అయిదు వందల ఏళ్ల లోపు నుంచే.

నేను ఈ వారం వండిన మోరంగడ్డ తీపికారం వేపుడును ఆ లెక్కన చూస్తే నవ్వొచ్చింది. గడ్డ అమెరికాది. మిరపకాయ అమెరికాది. నూనె తీసిన పల్లికాయ అమెరికాది. ఒకే ఊరి ఆడపిల్లలు ముగ్గురు దేశం కాని దేశానికి కోడళ్లుగా వచ్చి, మన బెల్లం, నువ్వులు, చింతపండు, పసుపుతో ఒకే పెంకలో కలిశారు. అత్తిల్లు వాళ్లకు ఎంత అలవాటైందంటే, వాళ్లు లేని వంట మనకు ఊహకు అందదు.

అయితే వచ్చిన ప్రతిదాన్నీ మనవాళ్లు వెంటనే నోట్లో పెట్టుకోలేదు కదా. గడ్డలంటే భయం ఉండేది. మన దగ్గర అంతకు ముందు ఉన్నవి కంద, చామగడ్డ, పెండలం. అడవి అంచు ఊళ్లలో కొలాములు, గోండులు తవ్వుకునే అడవి గడ్డలు ఉన్నాయి. వీటిలో చాలావాటికి విరుగుడు తెలియాలి. చామగడ్డను చింతపండు పులుసులో వేయాలి, లేకపోతే గొంతు పట్టేస్తుంది. అడవి గడ్డల్లో కొన్నింటిని ముక్కలు కోసి పారే నీళ్లలో నానబెడితే గానీ విషం పోదు. ఏ గడ్డకు ఏ విరుగుడో తెలిసింది ఆడవాళ్లకే. అలాంటి చేతుల్లోకి ఒక కొత్త గడ్డ వచ్చింది. దురద లేదు, విషం లేదు, నానబెట్టే పని లేదు, నిప్పుల్లో పడేస్తే తియ్యగా అవుతుంది. దాన్ని మొదట కాల్చి, కొంచెం తాను తిని చూసి, ఆ తర్వాత పిల్లలకు పెట్టిన ఆవిడెవరో ఏ పుస్తకంలోనూ ఉండదు.

పండించడం కూడా ఆడవాళ్లకు అందేలా ఉంటుంది. దీనికి విత్తనం కొనక్కర్లేదు. జానెడు పొడుగు తీగ ముక్క నాటితే చాలు, మూడున్నర నాలుగు నెలల్లో గడ్డ ఊరుతుంది. వాయనంలో పసుపు కుంకుమ ఇచ్చినట్టు ఒకరి పెరట్లోంచి ఇంకొకరి పెరట్లోకి తీగ పోతుంది. అప్పు లేదు, షావుకారు లేడు. మంచి రేగడి అవసరం లేదు, నీళ్లు నిలవని చెలక నేల, ఇసుక కలిసిన ఒండ్రు దానికి ఇష్టం. తీగ నేలంతా పాకితే కలుపు కూడా తక్కువే.

ఇంకో సంగతి ఉంది. వడ్లయినా జొన్నలైనా కోసి, కొట్టి, కళ్లంలో కుప్ప పోస్తే ఊరందరి కళ్లూ దాని మీద పడతాయి. దొర వాటా దొరది, షావుకారు నాగు షావుకారుది, నిజాం సర్కారు కాలంలో యుద్ధం రోజుల్లో లెవీ కింద కొలిచిచ్చింది వేరే. చివరికి గుమ్మిలోకి వచ్చింది ఎంతో ఇంటి ఆడమనిషికే తెలుసు. గడ్డ అలా కాదు. భూమి లోపలే ఉంటుంది. ఈ పూటకు ఎన్ని కావాలో అన్నే తవ్వుకోవచ్చు. కుప్ప పోసి చూపించేదేమీ ఉండదు. లెక్కలు రాసుకునేవాళ్లకు కనపడని తిండి అది. కనపడని తిండి కాబట్టే దాని చరిత్ర కూడా ఎక్కువగా కనపడదు.

వేరే దేశాల్లో కథ ఇంకోలా ఉంది. చైనాలో చెన్ జెన్‌లోంగ్ అనే వ్యాపారి 1593లో ఫిలిప్పీన్స్ నుంచి ఈ తీగను ఫూజియన్ రాష్ట్రానికి తెచ్చాడు. స్పెయిన్‌వాళ్లు తీగను బయటికి పోనివ్వరని ఓడ తాళ్లలో చుట్టి దాచి తెచ్చాడని చెప్పుకుంటారు. మరుసటి ఏడు అక్కడ కరువు వస్తే ఈ గడ్డే ఆదుకుంది. 1605లో అక్కడి నుంచే నోగుని సోకాన్ అనే ఆయన ఇప్పటి ఒకినావాకు తీసుకుపోయాడు. జపాన్‌లో 1732 కరువు తర్వాత అవోకి కొన్యో అనే పండితుడు రాజధానిలో దీన్ని పండించి చూపించాడు. జనం ఆయనకు తియ్యగడ్డ పంతులు అని పేరు పెట్టుకున్నారు. ఒక గడ్డను తెచ్చినందుకు, కరువులో ప్రాణాలు నిలిపినందుకు ఆ మనుషుల పేర్లు అక్కడ ఇప్పటికీ తలుచుకుంటారు.

మన దగ్గర అలాంటి పేరు ఒక్కటీ లేదు. ఏ రాజూ శాసనం వేయించలేదు, ఏ పండితుడూ పుస్తకం రాయలేదు. మరి మన దగ్గర కరువులు లేవా? ఉన్నాయి. ఆ కరువుల్లో ఈ గడ్డ తిని బతకలేదా? ఈ ప్రశ్నకు నాకు జవాబు దొరికింది మా అమ్మ మాటల్లో.

మా అమ్మమ్మది ఖానాపూర్‌కు పైన, అడవి అంచున ఉన్న చెలక ఊరు. కింద గోదావరి మీద సదర్‌మాట్ ఆనకట్ట ఉంది. 1891-92లో నిజాం కాలంలో కట్టింది, 2018లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. ఆ కాలువ పారినచోట వరి, పసుపు. కాలువ ఎక్కని ఊళ్లలో జొన్న, మక్క, నువ్వులు, గడ్డలు. అంటే ఒకే తాలూకాలో కాలువకు కింద ఉన్న ఇంట్లో బువ్వ, పైన ఉన్న ఇంట్లో గటక. 1972 కరువులో అమ్మమ్మ ఎలా ఇల్లు నెట్టుకొచ్చిందని ఒకసారి అమ్మను అడిగాను. అమ్మ పెద్దగా ఆలోచించకుండానే అంది: "బియ్యం ఒడిసినప్పుడల్లా మా అవ్వకు సోమారం వస్తుండె బిడ్డా."

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత విడమరిచి చెప్పింది. ఇంట్లో ఉన్న జొన్నలు తాతకు, ఎడ్ల పనికి పోయే మామలకు గటక అయ్యేవి. మిగిలింది పిల్లలకు. ఆ పూట అమ్మమ్మ "నాకియ్యాల ఒక్కపొద్దు" అనేది. పొయ్యి చల్లారే ముందు బూడిదలో రెండు మోరంగడ్డలు కప్పి పెట్టుకునేది. పొద్దు మునిగినాక అవి తిని నీళ్లు తాగి పండుకునేది. అందరూ ఆమెది గొప్ప భక్తి అనుకున్నారు. ఊళ్లో ఆమె ఒక్కపొద్దులకు మంచి పేరుండేది. కరువు ఏడాది మాత్రం వారానికి మూడు సోమారాలు వచ్చినయని అమ్మ చెప్తుంది.

నేను పుస్తకాల్లో వెతుకుతున్న చరిత్ర అక్కడుంది. ఆకలిని ఆకలి అని పిలవడానికి ఇంటి ఆడమనిషికి వీలు లేదు. పిలిస్తే సంపాదించే మగవాడికి చిన్నతనం, పిల్లలకు భయం. ఉపవాసం అంటే ఎవరికీ బాధ లేదు, పైగా పుణ్యం. ఆ పుణ్యానికి కావలసిన తిండిని ఈ గడ్డ ఇచ్చింది. ఉపవాసంలో ధాన్యం ముట్టకూడదు కానీ గడ్డలు, పండ్లు తినొచ్చు కదా. అలా అమెరికాలో పుట్టి ఓడెక్కి వచ్చిన పరాయి గడ్డ మన శివుడి ముందు నైవేద్యమయింది. మాఘమాసం నాటికి చెలకల్లో గడ్డ తవ్వకానికి రావడం కూడా కలిసొచ్చింది. పంట చేతికొచ్చినప్పుడే పండుగ, పండుగకు ఆ పంటే ప్రసాదం.

నేను శివరాత్రి మీద వేరే మాట అనడం లేదు. మా ఇంట్లో జాగారం ఉంటాం, నేనూ ఉంటాను. భక్తితో ఉండే ఒక్కపొద్దు ఉంది, బియ్యం లేక ఉండే ఒక్కపొద్దూ ఉంది. రెండింటినీ ఒకే మాట కింద కలిపేసి మన అమ్మమ్మలు ఎంత దాచారో తెలిసి ఉండాలని నా కోరిక.

ఆ రోజులు ఎలా పోయాయో కూడా చెప్పాలి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చాక కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చారు. చెలక ఊళ్లలో కూడా రోజూ అన్నం ఉడకడం మొదలైంది. మా అమ్మమ్మ సోమవారాలు నెమ్మదిగా తగ్గిపోయాయి. బియ్యం ఇంట్లో ఉండటం గౌరవం అయింది, జొన్న గటక, మోరంగడ్డ లేనివాళ్ల తిండి అయిపోయాయి. మా చిన్నప్పుడు బడికి డబ్బాలో ఉడకబెట్టిన గడ్డ తెచ్చుకున్న పిల్లలు పక్కకు తిరిగి తినడం నాకు గుర్తుంది. ఇలా గడ్డ ఏడాదికి ఒక్కరోజు పండుగకు మిగిలింది. తిండికి సిగ్గెందుకు అని ఇప్పుడు అనుకుంటాం కానీ, ఆ సిగ్గు వెనక వందల పూటల ఆకలి ఉంది. బియ్యం వచ్చిందన్న సంతోషాన్ని నేను తక్కువ చేసి మాట్లాడలేను.

ఇప్పుడు మాత్రం ఆ సిగ్గు అవసరం లేదు. గడ్డను ఆకలి తిండిగా కాకుండా మామూలు రోజున అన్నం పక్కన కూరగా, అందరి కంచాల్లోకీ వచ్చేలా వండుకోవచ్చు. నేను చేసే పద్ధతి చెప్తాను. దానికి ముందు బూడిదలో కాల్చిన గడ్డ ఎందుకంత తియ్యగా ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే వేపుడు రుచి దాని మీదే ఉంది.

పచ్చి గడ్డలో ఎక్కువగా ఉండేది పిండి. దాన్ని తీపిగా మార్చే గుణం గడ్డలోనే ఉంటుంది. ఆ మార్పు 60 నుంచి 75 డిగ్రీల వేడి మధ్యన బాగా జరుగుతుంది. మరిగే నీళ్లలో ముక్కలు వేసినా, ప్రెషర్ కుక్కర్‌లో పెట్టినా గడ్డ ఆ వేడిని గబగబా దాటిపోతుంది, తీపి పూర్తిగా ఊరదు. ఆరిపోతున్న పొయ్యి బూడిదలో మెల్లగా వేడెక్కిన గడ్డకు కావలసినంత సమయం దొరుకుతుంది. అమ్మమ్మ గడ్డను చివర్లో బూడిదలో కప్పింది నిప్పు వృథా కాకూడదని. రుచికి కావలసింది కూడా అదే. తవ్విన వెంటనే కంటే పది రోజులు నీడలో ఉంచిన గడ్డ ఇంకా తియ్యగా ఉంటుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, చలికి లోపల గట్టిపడి ఎంత వండినా ఉడకదు.

వేపుడుకు అరకిలో గడ్డలు తీసుకోండి. బొటనవేలు మందం నుంచి రెండు వేళ్ల మందం ఉన్నవి మంచివి, మరీ లావువి పీచు ఉంటాయి. చిన్న చిన్న నల్ల రంధ్రాలు ఉంటే పురుగు పట్టినట్టు. అలాంటి భాగం చేదుగా ఉంటుంది, ఒంటికీ మంచిది కాదు, చుట్టూ ధారాళంగా కోసి పారేయండి. చేదు ఎక్కువైతే మొత్తం గడ్డనే పారేయండి. తొక్క తీయనక్కర్లేదు. బాగా రుద్ది కడిగి, తడి ఆరాక వేలు మందం చక్రాలుగా కోయండి.

ఇనుప పెంక మీద రెండు పెద్ద చెంచాల పల్లినూనె వేసి, చక్రాలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి. మంట బాగా తగ్గించి మూత పెట్టండి. ఏడెనిమిది నిమిషాలకు ఒకసారి తిప్పండి. తొందరపడి మంట పెంచితే పైన మాడి లోపల పిండిలా ఉంటుంది. ఇరవై నిమిషాల్లో రెండు వైపులా ఎర్రబడి, వేలితో నొక్కితే మెత్తగా తగులుతాయి. ఓవెన్ ఉన్నవాళ్లు నూనె రాసిన గడ్డలను కోయకుండా చల్లటి ఓవెన్‌లోనే పెట్టి 180 డిగ్రీలకు పెట్టుకోండి, మెల్లగా వేడెక్కడమే మనకు కావాలి. ముప్పావు గంటకు మెత్తబడతాయి. తర్వాత కోసి పెంక మీద ఎర్రగా చేసుకోవచ్చు.

ముక్కలు పక్కకు తీసి, అదే పెంకలో ఇంకో చెంచా నూనె వేసి ఆవాలు, జీలకర్ర, నాలుగు దంచిన ఎల్లిపాయలు, ఒక రెబ్బ కల్యామాకు వేయండి. చిటపటలాడాక చిటికెడు పసుపు, ఒక చెంచా ధనియాల పొడి, ఒక చెంచా కారం, తగినంత ఉప్పు వేసి మంట ఆర్పండి, కారం మాడకూడదు. ముక్కలు వేసి కలపండి. చివరగా రెండు చెంచాల చిక్కటి చింతపండు రసంలో ఒక పెద్ద చెంచా బెల్లం తురుము కరిగించి పైన పోసి, చిన్న మంట మీద రెండు నిమిషాలు తిప్పండి. బెల్లం ముందే వేస్తే పెంకకు అంటుకొని చేదవుతుంది. దించాక వేయించి కచ్చాపచ్చాగా దంచిన నువ్వులు ఒక పెద్ద చెంచా చల్లండి. ఒక్కపొద్దు నాడు చేసుకునేవాళ్లు ఎల్లిపాయ వదిలేసి, కారం బదులు మిరియాల పొడి వేసుకోవచ్చు. మిరపకాయ రాకముందు మన వంటింటి కారం అదే కదా.

వేడి అన్నం, పచ్చిపులుసు, పక్కన ఈ వేపుడు ఉంటే మా ఇంట్లో ఇంకో కూర అడగరు. పచ్చిపులుసు పులుపుకు గడ్డ తీపి, గడ్డ తీపికి పైన కారం. జొన్నరొట్టెలోకి కూడా బాగుంటుంది.

షుగర్ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే ఒక మాట. మా అత్తమ్మకు షుగర్ ఉంది, గడ్డ మానేయమంటే శివరాత్రి లేనట్టే అని బాధపడింది. కాల్చిన గడ్డ కంటే నీళ్లలో ఉడకబెట్టిన గడ్డ రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచుతుంది. కాబట్టి ఆమెకు బెల్లం లేకుండా ఉడకబెట్టిన ముక్కలు కొన్ని, ఆ పూట అన్నం అంతకు తగ్గించి పెడతాను. అన్నానికి తోడుగా తింటే లాభం లేదు, అన్నం బదులు తినాలి. ఎంత తినాలో ఎవరి డాక్టరును వాళ్లు అడగడం మంచిది.

పిల్లలున్న ఇళ్లలో తెలిసి ఉండాల్సిన సంగతి ఇంకొకటి. మన అంగడిలో దొరికేది ఎక్కువగా లోపల తెల్లగా ఉండే రకం. లోపల నారింజ రంగు ఉండే రకాల్లో కళ్లకు, ఒంటికి అవసరమైన ఎ విటమిన్‌గా మారే పదార్థం చాలా ఉంటుంది. ఆఫ్రికాలో తల్లుల చేత, పిల్లల చేత ఈ రకం తినిపించినందుకు మరియా ఆంద్రాదే, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. పంటల్లోనే పోషకాలు పెంచే పని చేసిన హోవర్త్ బూయిస్ కూడా ఆ బహుమతిలో భాగస్వామి. మన దేశంలో 1963లో తిరువనంతపురంలో దుంప పంటల కోసమే కేంద్ర పరిశోధన సంస్థ పెట్టారు. వాళ్లు భూ సోనా అనే నారింజ రకం, భూ కృష్ణ అనే ఊదా రకం విడుదల చేశారు. తీగ ముక్క దొరికితే పెరట్లో, పెద్ద కుండీలో కూడా నాటుకోవచ్చు. లేత ఆకులు, కొసలు పప్పులో వేసుకోవచ్చు, తూటికూర చుట్టమే కదా.

చైనావాళ్లకు చెన్ జెన్‌లోంగ్ ఉన్నాడు, జపాన్‌వాళ్లకు తియ్యగడ్డ పంతులు ఉన్నాడు. మనకు ఉన్నది ఒక్కపొద్దులకు పేరుపడ్డ అమ్మమ్మలు, నాయనమ్మలు. ఆ కరువు చూసినవాళ్లు ఇంకా కొందరు మన ఇళ్లలో ఉన్నారు. ఈ శివరాత్రికి గడ్డలు కడుగుతున్నప్పుడు మీ అమ్మనో అత్తమ్మనో పక్కన కూర్చోబెట్టుకొని రెండు ప్రశ్నలు అడగండి. మీ చిన్నప్పుడు ఇంట్లో ఎవరు ఎక్కువగా ఒక్కపొద్దులు ఉండేవారు? ఆ రోజు గుమ్మిలో గింజలు ఉండేనా? వాళ్లు చెప్పింది చెప్పినట్టు ఒక నోటుబుక్కులో రాసి, తేదీ వేసి, ఎవరు చెప్పారో పేరు కూడా రాసి పెట్టండి. మా అమ్మ చెప్పింది నేను రాసిపెట్టాను. అందులో మొదటి పేజీలో మా అమ్మమ్మ పేరు, ఆమె ఊరు పేరు, 1972 అనే ఏడు ఉన్నాయి.